మేనత్త కొలిచిన కంచం

ఫకమే పండగ ఇంకా నెల్లాళ్ళు ఉందనగా కలోలైనె మేపుతున్న పంది చిక్కిపోవడం మొదలుపెట్టింది.

వవాఉ దీవుల్లో ఇది మామూలు విషయం కాదు. తుఫానుకి చర్చి రేకులు లేచిపోవడం ఊరు చూసింది. పెళ్ళినాడు పెళ్ళికొడుకు చేపల వేటకి వెళ్ళిపోవడమూ చూసింది. పూటపూటా బకెట్టెడు తిండి అందుకుంటూ పక్కటెముకలు బయటపెట్టిన పందిని మాత్రం ముసలివాళ్ళు కూడా ఎరగరు.

అదీ ఫకమే ముందు. మే నెల మొదటి ఆదివారం పిల్లలది. ఏడాది పొడుగునా పెద్దలు తిన్నాక మిగిలింది తినే పిల్లలు ఆ ఒక్కరోజు కొత్త తెల్లబట్టలు వేసుకుని, చర్చిలో వాక్యాలు అప్పజెప్పి, విందులో ముందు వరసన కూర్చుంటారు. పెద్దలు వెనక నిలబడి వడ్డిస్తారు. ఏ ఇంటి పిల్ల ముందు ఎంత పెద్ద పందిని కాల్చి పెట్టారన్న దాన్నిబట్టి ఆ ఇంటి పరువు మళ్ళీ మే దాకా ఖాయమవుతుంది. కనక కలోలైనెకి దిగులు పట్టుకుంది.

కలోలైనె సామాన్యురాలు కాదు, అంటే సామాన్యురాలే కాని ఆ సంగతి ఆవిడకి ఎవరూ చెప్పలేదు. చర్చి మహిళా సంఘానికి అధ్యక్షురాలు. భర్త పోయాడు, పిల్లల్లేరు. తమ్ముడు సెమీసీ పిల్లలకి మేనత్త. ఆ దీవుల్లో మేనత్త మాట తండ్రి మాటకి పైన, తల్లి మాటకి చాలా పైన, దేవుడి మాటకి కొంచెం కింద ఉంటుంది. ఆ కొంచెం తేడాని కలోలైనె ఎప్పుడైనా నోరారా ఒప్పుకున్న దాఖలా లేదు. తమ్ముడి పెద్దకూతురికి పేరు పెట్టింది ఆవిడే. పాలు మానగానే తన ఇంటికి తెచ్చుకుని పెంచుతున్నదీ ఆవిడే. ఆ పిల్ల పేరు పిసిలా. పదేళ్ళది. బుగ్గలు నిండుగా, చేతులు గట్టిగా ఉండేది.

ఉండేది అనడానికి కారణం ఒక పటం.

ఏడాది మొదట్లో కలోలైనె పిల్లల ఆరోగ్యం మీద శిక్షణ కోసం పడవెక్కి నెయాఫూ పట్నం వెళ్ళింది. తిరిగి వచ్చేటప్పుడు సంకలో చుట్టిన పటం, మొహంలో కొత్త వెలుగు తెచ్చింది. ఆ ఆదివారమే ఆడవాళ్ళందర్నీ చర్చి పాకలో కూర్చోబెట్టింది.

"తిండిలో కంటికి కనబడని మంట ఉంటుంది. దాన్ని క్యాలరీ అంటారు. పిల్లలు ఎంత ఆడితే అంత మంట కావాలి. ఆడకుండా తింటే ఒంట్లో కొవ్వు కింద పేరుకుంటుంది. పెద్దయ్యాక చక్కెర జబ్బు, కాళ్ళు తీసేయడం. మా ఆయనకి తీసేశారు, మీకందరికీ తెలుసు."

అందరికీ తెలుసు. అందుకే ఎవరూ నవ్వలేదు, పక్కింటి లెసియేలి తప్ప. లెసియేలి, కలోలైనె చిన్నప్పుడు ఒకే పడవలో బడికి వెళ్ళినవాళ్ళు.

"ఆ మంట ఎక్కడుంటుందే? పెండలం తొక్కలోనా, లోపలి గుజ్జులోనా? తొక్కలో ఉంటే చెప్పు, ఇవాళ్టినించీ చెక్కు తీసి మా ఆయన మీద విసురుతాను."

కలోలైనె ఆ ప్రశ్నని అజ్ఞానం కింద జమకట్టి పటం విప్పింది. అందులో పదేళ్ళ ఆడపిల్ల బొమ్మలు మూడున్నాయి. ఒక పిల్ల కుర్చీలో కూర్చుని టీవీ చూస్తోంది, దానికి రోజుకి పద్నాలుగు వందల క్యాలరీలు చాలు. ఒక పిల్ల సంచీ తగిలించుకుని నడుస్తోంది, దానికి పద్దెనిమిది వందలు. మూడో పిల్ల బంతి తంతోంది, వెనక సైకిలు, ఈతకొలను. దానికి రెండు వేలు. కింద, ప్రతి పిల్లా రోజుకి కనీసం గంటసేపు ఒళ్ళు అలిసేలా కదలాలని రాసుంది.

ఇంటికి వెళ్ళి కలోలైనె ఆ పటాన్ని గోడకి కొట్టి, మేనకోడల్ని దాని పక్కన నిలబెట్టి, న్యాయాధిపతిలా ఆలోచించింది. ఈ పిల్ల బంతి తన్నదు. దీనికి సైకిలు లేదు. ఈత? సముద్రంలోకి దిగుతుంది నిజమే, కాని అది మొగలాకు మోపుల్ని రాళ్ళ కింద నానబెట్టడానికి. అది ఈత కాదు, చాపల పని. తెల్లారకుండానే వాకిట్లో సీమపనస ఆకులు ఊడుస్తుంది, తొట్టి నుంచి నీళ్ళు మోస్తుంది, పుల్లలు ఏరుకొస్తుంది, బడినించి రాగానే పందికి బకెట్టు మోసుకెళుతుంది. ఇవన్నీ మేనత్తకి మేనకోడలు చెయ్యాల్సిన విధులు. విధిని కదలిక అంటారా? ప్రార్థనకి మోకరిస్తే కసరత్తు అంటారా? పటంలో బకెట్టు పట్టుకున్న పిల్ల ఎక్కడా లేదు.

అలా పిసిలా కుర్చీలో కూర్చున్న పిల్ల అయింది. ఆ ఇంట్లో ఉన్న కుర్చీ ఒక్కటే. దాంట్లో కలోలైనె కూర్చుంటుంది. పిసిలా పుట్టి బుద్ధెరిగాక దాన్ని తుడిచింది తప్ప దాంట్లో కూర్చున్నది లేదు.

ఆ రోజు నుంచి కంచం మేనత్త చేతిలో కొలతకి వచ్చింది. చేమదుంప సగమైంది. చేమాకుల పొట్లంలో కొబ్బరిపాలు మాయమయ్యాయి. బొద్దుగా ఉంది కదా, ఇంకాస్త తగ్గినా నష్టం లేదని పద్నాలుగు వందల్లోంచి కూడా కొంత కోత పడింది. శాస్త్రం చెప్పిన గంట కదలిక మాత్రం కలోలైనె ఎగ్గొట్టలేదు. సాయంత్రం పనులన్నీ అయ్యాక పిల్లని చర్చి చుట్టూ పరిగెత్తించేది. చింతచెట్టు కింద కుర్చీలో కూర్చుని, విసనకర్రతో విసురుకుంటూ, "మోకాళ్ళు పైకెత్తు! ఇంకా పైకి!" అని ఉత్సాహపరిచేది. ఆ కుర్చీని ఇంటినించి చెట్టు కిందికీ, చెట్టు కిందినించి ఇంటికీ మోసేది పిసిలాయే.

పిల్ల సన్నబడింది. కలోలైనె గర్వపడింది. ఫకమేనాడు తెల్లగౌనులో వేదికనెక్కి వాక్యం చెప్పే పిసిలాని చూసి ఊరంతా తన శిక్షణకి జోహార్లు అర్పిస్తుందని ఊహించుకుంది. ఒక్క పంది సంగతే అర్థం కాలేదు. కర్రపెండలం ఎంత ఉడికించినా, కొబ్బరి ఎంత కోరినా దాని వీపు గూనిలా లేస్తోంది. పిల్ల కంచంలో గరిటెడు లెక్కచూసే చెయ్యి పంది బకెట్టులో ఏనాడూ లెక్కచూడలేదు. అంత తిండి ఎటుపోతోంది?

బెరడు కొట్టే పాకలో ఆ ప్రశ్న బయటపడింది. ఆడవాళ్ళు పొడుగాటి దుంగ ముందు వరసగా కూర్చుని, కొయ్య సుత్తులతో చెట్టుబెరడుని గుడ్డలా సాగగొడుతున్నారు. పిసిలా ఒక మూల కూర్చుని బెరడు పేలికలు తడిపి అందిస్తోంది.

"కొందరిళ్ళల్లో కోళ్ళు ఈమధ్య నడవలేకపోతున్నాయిట, అంత బలిశాయి," అంది కలోలైనె దుంగతో మాట్లాడుతున్నట్టు.

"నావేనే," అంది లెసియేలి. "నిన్న ఒకటి కంచె ఎక్కలేక నన్ను ఎత్తుకోమని ఏడ్చింది."

పాకంతా నవ్వింది.

"ఏం తిని బలిశాయో మరి."

"పురుగులు తిని. ఏం, వాటికి కూడా నీ పటంలో బొమ్మ ఉందా? మా పుంజు బాగానే పరిగెడుతుంది, రెండు వేలు రాసుకో."

"నా పంది బకెట్టు రోజూ ఖాళీ అవుతోంది. పంది మాత్రం నిండటంలేదు. మా ఇంటినించి పంది దాకా దారిలో ఉన్నది ఒకే ఒక్క ఇల్లు, లెసియేలీ."

సుత్తులు ఒక్కొక్కటే ఆగాయి. చివరి సుత్తి ఆగినప్పుడు వచ్చిన నిశ్శబ్దం చర్చిలో కూడా ఎప్పుడూ రాలేదు.

"అంటే పంది కూడు నేను దొంగిలించానంటావు."

"నువ్వని నేనన్లేదు. నీ కోళ్ళు కావచ్చు."

లెసియేలి కలోలైనె భుజం మీదుగా మూల కూర్చున్న పిసిలాని చూసింది. పిల్ల తల నీళ్ళ గిన్నెలోకి వంగిపోయి ఉంది. లెసియేలి సుత్తి కింద పెట్టి లేచి, నడుముకి చుట్టుకున్న చాప సర్దుకుంది.

"దొంగని పట్టుకోవాలంటే ఊళ్ళో కూర్చుని అరిస్తే కాదమ్మా. పొద్దువాలేవేళ పంది దగ్గిరే కాపు కాయి. పట్టుకున్నాక మాత్రం మా ఇంటికి రా. ఎక్కడికీ పోను, ఇంట్లోనే ఉంటాను."

మర్నాడు సాయంత్రం కలోలైనె కాపు కాసింది. చేతిలో కర్ర. మొగలిపొదల వెనక, తన పదవికి ఏమాత్రం తగని భంగిమలో గొంతుక్కూర్చుంది. మామిడిచెట్టుకి కాలు కట్టేసిన పంది ఎదురుచూస్తోంది. లెసియేలి రాలేదు. కోళ్ళూ రాలేదు. బకెట్టు రెండు చేతులా పట్టుకుని, నాలుగడుగులకోసారి దింపుకుంటూ పిసిలా వచ్చింది.

పిల్ల బకెట్టు పంది ముందు బోర్లించలేదు. పక్కన పెట్టి, మఠం వేసుకుని కూర్చుని, చేతులు జోడించి కళ్ళు మూసుకుంది.

"పరలోకమందున్న మా తండ్రీ, ఈ పూట మాకిచ్చిన ఈ భోజనం కోసం నీకు వందనాలు. దీన్ని సిద్ధపరచిన మా అత్తని దీవించు. ఆవిడ చేతుల్ని బలపరచు. ఆమేన్."

ఆమేన్ దాకా పంది ఆగింది. చర్చిలో వెనక బెంచీల మీద కూర్చునే మగవాళ్ళెవరికీ లేని ఓపిక అది. చూడగా అలవాటు పడినట్టే ఉంది.

పిసిలా బకెట్టులోంచి ఉడికిన కర్రపెండలం ముక్క తీసి పందికి వేసింది. ఇంకోటి తను తింది. నమలడం కూడా సరిగా లేదు, మింగడమే.

"ఒకటి నీకు. ఒకటి నాకు. ఇది కూడా నాకే. అలా చూడకు. నువ్వు రోజూ చర్చి చుట్టూ పరిగెడతావా? లేదుగా. నువ్వు కుర్చీలో కూర్చున్న బొమ్మవి. నీకు అది చాలు."

కలోలైనె చేతిలో కర్ర ఉంది. దాన్ని ఏంచెయ్యాలో ఆవిడకి తెలియలేదు. లేచి నిలబడితే పిల్ల చూస్తుంది. చూస్తే భయపడుతుంది. ఆ క్షణాన ఆ పిల్ల కళ్ళల్లో తనని చూసుకోవడం కంటే చచ్చిపోవడం నయమనిపించింది. మహిళా సంఘం అధ్యక్షురాలు మోకాళ్ళ మీద, ముళ్ళలో, వెనక్కి పాక్కుంటూ ఇంటిదారి పట్టింది.

పిసిలా ఖాళీ బకెట్టుతో తిరిగొచ్చి, చేతులు కడుక్కుని, చాప పరిచి, మేనత్త ముందు కంచం పెట్టి, ఎప్పటిలాగే పక్కన కూర్చుని ఈగలు వాలకుండా విసరడం మొదలెట్టింది. కంచంలో కొబ్బరిపాలు తేలుతున్న లూ, అదే చేమాకుల పొట్లం, ఉంది. మేనత్తల కొలత ఆ పటంలో లేదు.

"ఆకలిగా ఉందా నీకు?" అంది కలోలైనె.

"లేదత్తా."

"నిజం చెప్పు."

పిల్ల ఏ జవాబు కావాలో తెలియని బడిపిల్లలా చూసింది. "మీరు ఉందంటే ఉందత్తా."

"పంది దగ్గిర చూశాను."

విసనకర్ర ఆగిపోయింది. పిసిలా ఏడవలేదు.

"మీరు కంచం గురించి చెప్పారు. కంచం దాటి నేనెప్పుడూ తినలేదు. బకెట్టు గురించి మీరేం చెప్పలేదు." ఆగి, నేలచూపులు చూస్తూ అంది, "లెసియేలి పిన్నిది తప్పు లేదు. చెబుదామనుకున్నాను. పదిమందిలో మీరు అనేశాక, కాదంటే మీకు బాగుండదని ఊరుకున్నాను."

కలోలైనె కంచాన్ని పిల్ల ముందుకి తోసింది. పిసిలా దాన్ని వెనక్కి తోసింది. మేనత్త కంచంలో తినకూడదని ఆ పిల్లకి నేర్పింది మేనత్తే. ఇద్దరి మధ్యా లూ పొట్లం చల్లారిపోయింది. చివరికి కలోలైనె లేచి వేరే కంచం తెచ్చి, నిండా పెట్టి, "తిను" అని గోడవైపు తిరిగి కూర్చుంది. గోడకి పటం ఉంది. కుర్చీలో పిల్ల టీవీ చూసి నవ్వుతోంది.

మర్నాడు పొద్దున పిసిలా నిద్రలేవకముందే కలోలైనె నీళ్ళు మోసింది. ఆకులు ఊడ్చింది. పంది బకెట్టు ఎత్తుకుని బయల్దేరింది. లెసియేలి కంచె దగ్గిరికి వచ్చేసరికి గుండె గొంతులో కొట్టుకుంది. అక్కడే బకెట్టు దింపి, రాయి మీద కూలబడింది. శిక్షణలో చెప్పిన మంట ఏదో ఆవిడకి అప్పుడు ఒంట్లో కనబడింది. పాపం, ఆ బొమ్మ గీసినవాళ్ళకి తెలియదు, వాళ్ళు ఈ దారిన ఎప్పుడూ నడవలేదు. తనకి తెలియకపోవడానికి మాత్రం సాకు లేదు. ఈ బకెట్టు తను పిల్లగా ఉన్నప్పుడు మోసిందే. అప్పుడు తన మేనత్త కూడా కుర్చీలోనే ఉండేది, కాని కంచం జోలికి రాలేదు.

లెసియేలి గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"వచ్చావా," అంది. "దొంగ దొరికిందా?"

"దొరికింది. నేనే."

లెసియేలి కొబ్బరిబొండం కొట్టి తెచ్చి చేతికిచ్చింది. పక్కన కూర్చుంది.

"నిన్ను పదిమందిలో అన్నాను. పదిమందిలోనే తప్పొప్పుకుంటాను. ఇవాళ పాకలో చెబుతాను."

"చెప్పు. నేను కొంచెం ఏడుస్తాను, బాగుంటుంది." తర్వాత ఆవిడ నవ్వు ఆగిపోయింది. "ఇంతకుముందే చూశాన్నేను. చాలాసార్లు."

"చూశావా? మరి చెప్పలేదేం?"

"నేనెవర్ని చెప్పడానికి? నీ మరదలు నైతా చూసింది. కన్నతల్లి. మా ఇంటి వెనక నిలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చి వెళ్ళింది. చర్చి అయ్యగారి భార్య చూసింది. నీ తమ్ముడికీ తెలుసు. మేనత్త మాట మీద మాట ఎవరు మాట్లాడతారే? నువ్వు చదువుకొచ్చినదానివి, పైగా ఆ పిల్ల నీది."

కలోలైనె బొండం కింద పెట్టేసింది. తనొక్కతే చూశాననుకుంది, ఊరంతా చూసింది. ప్రతి సాయంత్రం చింతచెట్టు కింద కుర్చీలో కూర్చుని విసురుకుంటుంటే, దారిన పోయేవాళ్ళు తల వంచి నమస్కారం పెట్టి వెళ్ళారు. ఆ వంచిన తలల్లో ఏముందో ఇప్పుడు తెలిసింది. అది మర్యాదే. ఆ మర్యాద తింటూ తను బలిసింది, పిల్ల చిక్కింది.

పాకలో అందరి ముందూ లెసియేలిని క్షమించమంది. లెసియేలి మాట ప్రకారం కొంచెం ఏడ్చింది. ఆ సంగతి అక్కడితో తీరింది.

పిసిలా సంగతి తీరలేదు. తప్పు చేసినవాళ్ళు మెడలో ఆకులదండ వేసుకుని, చిరిగిన చాప చుట్టుకుని, పెద్దల వాకిట్లో తల వంచుకు కూర్చోవడం ఆ దీవుల్లో ఉంది. పెద్దవాళ్ళు వచ్చి దండ తీసేస్తే క్షమించినట్టు. అది కిందినించి పైకి వెళ్ళే దారి. మేనత్త మేనకోడలి దగ్గిరికి దిగి వచ్చే దారి మాత్రం ఎవరూ వెయ్యలేదు. ఎప్పుడూ అవసరం పడలేదు కాబోలు, లేకపోతే పడిన ప్రతిసారీ మేనత్తలు గోడవైపు తిరిగి కూర్చున్నారు కాబోలు.

ఫకమే వచ్చింది. పిసిలా తెల్లగౌను వేసుకుని వాక్యం తప్పులేకుండా చెప్పింది. గౌను భుజాల దగ్గిర వదులుగా ఉంది. చూసినవాళ్ళెవరూ జోహార్లు అర్పించలేదు.

విందుకి పిల్లలు వరసగా కూర్చున్నారు. పెండలం, చిలగడదుంప, లూ పొట్లాలు, మధ్యలో కాల్చిన పందులు. కలోలైనె పంది ఆ వరసలో అన్నిటికంటే పీలగా, సిగ్గుపడుతున్నట్టు పడుకుని ఉంది.

"ఈ పంది కూడా నెయాఫూ శిక్షణకి వెళ్ళొచ్చిందా ఏమిటి!" అన్నాడు ఎవరో పెద్దాయన. నవ్వినవాళ్ళు సగంలో ఆపేశారు.

మేనత్తల స్థానం పందిరి కింద, అయ్యగారి పక్కన, అందరికంటే ఎత్తులో. అక్కడ కుర్చీ వేసి ఉంది. కలోలైనె ఆ కుర్చీ దాటి, పందిరి దాటి, పిల్లల వరస వెనక్కి వెళ్ళి, పిసిలా వెనకాల నేల మీద కూర్చుంది. విసనకర్ర తీసి ఈగలు తోలడం మొదలెట్టింది.

అది ఇంటికోడళ్ళ పని. తమ్ముడు సెమీసీ మొహం పక్కకి తిప్పుకుని పొయ్యి దగ్గిరికి వెళ్ళిపోయాడు. నైతా పరుగున వచ్చింది.

"వదినగారూ, ఇలా ఇవ్వండి. మీరు పైకి రండి. జనం చూస్తున్నారు."

"చూడనీ నైతా. వాళ్ళకి అలవాటే."

పిసిలా కంగారుగా సగం లేచి విసనకర్రకి చెయ్యి చాపింది. "నేను విసురుతానత్తా, మీరు కూర్చోండి."

"కూర్చో," అంది కలోలైనె. "తిను."

ఆ గొంతు ఎప్పటి గొంతే. ఆజ్ఞ తప్ప వేరే మాట ఆ గొంతుకి చేతకాదు. ఆవిడ ముందుకు వంగి మంచి ముక్క చూసి, పంది పక్కలోంచి కోసి, పిల్ల ఆకులో వేసింది. పిసిలా దాన్ని మెల్లగా ఆకు అంచుకి జరిపింది.

"అదొద్దత్తా. దానికి నాకంటే తక్కువే దొరికింది."

కలోలైనె పెండలం వేసింది. చిలగడదుంప వేసింది. కొబ్బరిపాలు కారుతున్న లూ పొట్లం విప్పి పెట్టింది. పిల్ల తింది. చుట్టూ ఉన్న పిల్లలు అరుస్తూ, లాక్కుంటూ తింటుంటే పిసిలా తల ఎత్తకుండా, చప్పుడు చెయ్యకుండా తింది. ఎవరూ కొలవడం లేదని నమ్మకం కుదరని తిండి అది. విసిరి విసిరి కలోలైనె చెయ్యి లాగేస్తోంది. ఆపలేదు.

పాటలు మొదలయ్యాయి. అందరూ అటు తిరిగారు. అప్పుడు పిసిలా అటూ ఇటూ చూసి, ఉడికిన పెండలం ముక్క ఒకటి ఆకులోంచి తీసి, తెల్లగౌను ఒళ్ళో వేసుకుని, పైన చెయ్యి కప్పింది. తర్వాతికి.

కొత్త గౌను మీద జిడ్డుమరక మెల్లగా పాకింది. వెనక కూర్చున్న మేనత్త అది చూసింది. చూసినట్టు పిల్లకి తెలియకుండా తల తిప్పుకుని, విసురుతూనే ఉంది.